తూర్పు కిటికీ దీపం

సెప్టెంబర్ 14, ఆదివారం

వచ్చి పడ్డాం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి నుంచి నాలుగు గంటలు. ఆయన డ్రైవ్ చేస్తే ఐదు.

రైస్ కుక్కర్ అక్కర్లేదన్నారు. తెచ్చాను. దీపపు కుంది సంగతి ఎవరూ అడగలేదు. అదీ తెచ్చాను.

తెల్లటి స్తంభం, దాన్ని ఆనుకుని రెండంతస్తుల చిన్న ఇల్లు. మూడు వైపులా నీళ్ళు. ఇంక రెండు వారాలు ఈ లైట్‌హౌస్‌కి మేమే కీపర్లం. జీతం లేదు, ఉండడానికి పైన ఒక గది. పొద్దున జెండా ఎత్తడం, మెట్లు ఊడవడం, చూడ్డానికి వచ్చినవాళ్ళకి కథ చెప్పడం... శ్రావ్య బుక్ చేసింది, నాన్న రిటైర్మెంట్‌కి గిఫ్ట్ అని. మా ఇద్దరి గొడవ సంగతి పిల్లకి తెలీదు. లేక తెలిసే చేసిందో.

గదిలో రెండు సింగిల్ మంచాలు. ముప్పై మూడేళ్ళలో మొదటిసారి. ఆయన రెండింటినీ కాసేపు చూసి, గోడవైపుది నన్ను తీసుకోమన్నారు. కిటికీ పక్కన చలి వేస్తుందట నాకు.

ఒప్పందం రాసుకుంటున్నాను, తర్వాత మాట మారకుండా. ఈ పద్నాలుగు రోజులూ హైదరాబాద్ ఊసెత్తకూడదు. ఆయనా, నేనూ. ఆయనకి వెళ్ళిపోవాలని ఉంది, శాశ్వతంగా. నాకు లేదు. జనవరికి టికెట్లు తియ్యాలంటున్నారు. ఒకటా, రెండా? ఆఖరి రోజు కూర్చుని తేల్చుకోవాలి.

అంతవరకూ సెలవు. ఆ మాటకి సెలవు.

సెప్టెంబర్ 15, సోమవారం

సోమవారాలు సందర్శకులు ఉండరు. షెరిల్ వచ్చి పని నేర్పింది. ఈ లైట్‌హౌస్‌ని చూసుకునే సంఘానికి ఆవిడే పెద్ద దిక్కు. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్ నడిపిందట. ఇప్పటికీ ఆఖరి సీట్లోవాళ్ళకి వినపడేలా మాట్లాడుతుంది.

తొంభై నాలుగు మెట్లు. ఒకసారికి ఎనిమిదిమందే పైకి. తల ఒక్కింటికి చేతిలో క్లిక్కర్ ఒకసారి నొక్కాలి. బాత్‌రూమ్ ఇక్కడ లేదు, ఊళ్ళోకి వెళ్ళమని మొహమాటపడకుండా చెప్పాలి. కొవ్వొత్తులు వెలిగించకూడదు, చెక్క ఇల్లు.

కొవ్వొత్తులు అంది. దీపం అనలేదు.

పని పంచుకున్నాం. పైన ఆయన: లెన్స్, గేర్లు, ఓడల దారులు. కింద నేను: పాతకాలం వంటగది, రిజిస్టర్, దయ్యం.

అవును, దయ్యం కూడా ఉంది. షెరిల్ ఇచ్చిన కాగితంలో రాసుంది. ఎప్పటిదో కీపర్ భార్య. మొగుడు పడవేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడ పై కిటికీలో దీపం పెట్టుకుని ఎదురుచూసేదట. ఇప్పటికీ చూస్తోందట. ఈ ముక్క నెమ్మదిగా చెప్పమంది షెరిల్. అక్కడ జనం ఫోన్లు దించుతారట.

ఆయన కాగితం చదివి, ఆధారం ఏమైనా ఉందా అని అడిగారు. షెరిల్ ఆయన్ని జాలిగా చూసింది.

సెప్టెంబర్ 16, మంగళవారం

పొగమంచు. నీళ్ళు లేవు, ఆకాశం లేదు, ఊరు లేదు. ఎవరూ రాలేదు. ఆయన పైన, నేను కింద... ఇల్లు మబ్బులో తేలుతున్నట్టు ఉంది. ఏ ఊళ్ళో ఉన్నామో కూడా మర్చిపోవచ్చు. మర్చిపోతే బాగుండు.

సెప్టెంబర్ 17, బుధవారం

పొద్దున్నే నీళ్ళ దగ్గరికి వెళ్ళాను. సరస్సు అంటారు, అవతలి ఒడ్డు కనపడదు. వేళ్ళు ముంచి నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు లేదు. బాపట్ల పిల్లకి దీన్ని సముద్రమని ఒప్పుకోవడం కష్టం. అలలున్నాయి, హోరుంది, వాసన మాత్రం లేదు. ముక్కు మూసుకుని సూర్యలంకలో నిలబడ్డట్టు.

ఇరవై ఒక్కమంది వచ్చారు. దయ్యం కథ మూడోసారికి నాకే కాస్త నచ్చింది. నెమ్మదిగా చెప్పాను. ఫోన్లు దిగాయి.

పైనుంచి ఆయన గొంతు మెట్లగుండా కిందికి దొర్లుకుంటూ వస్తుంది. ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి ఇక్కడ గేర్ల గురించి గంటలు గంటలు... ఆ నవ్వు కూడా విన్నాను. ఆయన పనిచేసిన కార్ల ప్లాంట్ మూసేశాక ఆయన నవ్వగా వినలేదు.

సాయంత్రం దీపం పెట్టాను. నువ్వుల నూనె, రెండు వత్తులు. తూర్పు ముఖంగా పెట్టాలంటే ఈ గదిలో చోటు ఒక్కటే, కిటికీ గట్టు. వచ్చిన రోజు నుంచీ అక్కడే పెడుతున్నాను. కిటికీ అవతల నీళ్ళు, అంతే. ఇంటి దగ్గరైతే డిష్‌వాషర్ పక్కన గోడని చూస్తూ వెలుగుతుంది పాపం. ఇక్కడ దానికి చూడ్డానికి ఇంత నీలం దొరికింది.

ఆయన మంచం మీంచి చూశారు. చెక్క ఇల్లు, అని ఒక మాట అన్నారు. ఆరిందాకా నేను పక్కనే కూర్చుంటానన్నాను. కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో.

సెప్టెంబర్ 18, గురువారం

కొంప మునిగింది.

షెరిల్ పొద్దున్నే ట్రక్కు ఆపీ ఆపకుండానే దిగింది. చేపలు పట్టి తిరిగొస్తున్న పడవవాళ్ళు చూశారట. చీకటి పడుతుంటే పై కిటికీలో వెలుగు. బల్బు వెలుగు కాదట, ఊగుతోందట. ఒకరోజు కాదు, మూడు రోజులు. ఫోటో తీశారు. ఊరి ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు. చూపించింది. నల్లటి ఇల్లు, కిటికీలో పసుపు చుక్క. నా కుంది.

చెప్పేద్దామనుకున్నాను, నిజంగా. ఈలోపు ఆవిడ ఆయనవైపు తిరిగి, మీ గది కిటికీయే కదా, ఏమైనా కనిపించిందా అని అడిగింది.

ఇంక అయిపోయింది అనుకున్నాను. రోడ్డు మీద సిగ్నల్ పసుపు లైటు దగ్గరే ఆగిపోయే మనిషి. శ్రావ్య స్కూల్‌కి ఆలస్యమైతే, జ్వరమని రాయమంటే, "లేటుగా లేచింది" అని రాసిచ్చిన మనిషి. గొంతు సవరించుకున్నారు. మేము తొందరగా పడుకుంటాం, ఏమీ చూడలేదు, అన్నారు.

ఏమీ చూడలేదట!

షెరిల్ వెళ్ళాక ఆయన మొహం చూశాను. చెవులు ఎర్రగా ఉన్నాయి. ముప్పై మూడేళ్ళలో నా కోసం ఆడిన మొదటి అబద్ధం. ఏవండీ అన్నాను. "మెట్లు ఊడవాలి," అని చీపురు తీసుకుని వెళ్ళిపోయారు.

నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. ఇలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో.

సెప్టెంబర్ 19, శుక్రవారం

దీపం పెట్టకుండా ఉండాలనుకున్నాను. ఏడయ్యేసరికి చేతులు వాటంతటవే వత్తి చేశాయి.

ఆయన నిద్రపోయారు. నాకు నేను చెప్పుకోవాలి, ఎందుకు వెళ్ళనంటున్నానో. ఆయనకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను. అడిగితే శ్రావ్య అంటాను, డాక్టర్లు అంటాను, దుమ్ము అంటాను. అవేవీ కావు.

మా అమ్మ గడప దాటాలంటే నలుగురికి సమాధానం చెప్పుకునేది. ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికొస్తావు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఈ దేశం వచ్చాను. మొదటి శీతాకాలం మంచులో కారు తిప్పడం నేర్చుకున్నాను, ఏడుస్తూ. తర్వాత లైబ్రరీలో ఉద్యోగం, ఇరవై రెండేళ్ళు. ఇప్పటికీ గురువారాలు వెళ్తాను, ఊరికే పుస్తకాలు సర్దడానికి. దారిలో ఎక్కడైనా ఆగుతాను, ఒక గంట కార్లో కూర్చుంటాను. ఎక్కడికెళ్ళావని ఎవరూ అడగరు. అంతే. ఆ ఒక్క గంట. ఆ గంటని అక్కడికి ఎలా పట్టుకెళ్ళను?

హైదరాబాద్‌లో మా కొంపల్లి ఫ్లాట్‌కి పై అంతస్తులో ఆయన స్నేహితులు ఇద్దరు, కింద ఒకరు. వాళ్ళ ఆడవాళ్ళు మంచివాళ్ళే. తలుపు కొట్టకుండా వస్తారు.

సెప్టెంబర్ 20, శనివారం

జాతర!

పార్కింగ్ నిండిపోయి రోడ్డు పొడుగునా కార్లు. ఇంతకాలం ఈ ఊరికి ఉన్న వింతలు మూడే: ఈ లైట్‌హౌస్, మునిగిన ఓడని చూపించే గాజు పడవ, ఫడ్జ్ అనే మిఠాయి కొట్టు. ఇవాళ్టి నుంచి నాలుగు. నాలుగోది నేను.

ఫడ్జ్ కొట్టువాడు తెల్ల ఫడ్జ్‌కి దయ్యం పేరు పెట్టాడు. గాజు పడవవాళ్ళు చీకటి పడేవేళ ఒక ట్రిప్ కలిపారు. ఒకావిడ వంటగది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుంది, ఇక్కడ ఎవరో ఉన్నారు, దుఃఖంలో ఉన్నారు అంది. నేను పక్కనే ఉన్నాను. క్లిక్కర్ నొక్కాను.

మధ్యాహ్నానికి ఆయన మోకాలు పట్టేసింది. కిందికి దిగకుండా పైనే ఉండిపోతానన్నారు. ఉప్మా డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళాను, తొంభై నాలుగు మెట్లు. పైన గాలి, చుట్టూ వెలుగు, మధ్యలో ఆయన. కిందికి చూస్తే బారులు తీరిన జనం చీమల్లా. "ఇదంతా నీ పనే," అన్నారు. ఉప్మా తింటూ అన్నారు. కోపం లేదు ఆ మాటలో... కాస్త గర్వంలా వినిపించింది. నా భ్రమేమో.

సెప్టెంబర్ 21, ఆదివారం. అమావాస్య

దొరికిపోయాను.

మధ్యాహ్నం మా ఇంటి పక్క ఊరు నోవై నుంచి ఒక తెలుగు జంట వచ్చారు, మినీవాన్‌లో. ఆ అమ్మాయిది కరీంనగర్ అట, ముప్పై దాటి ఉండవు. భర్త పైకెళ్ళాడు, తను కింద ఉండిపోయింది. నేను దయ్యం కథ మొదలుపెట్టానో లేదో, ముక్కెగరేసి ఇటూ అటూ చూసింది. గొంతు తగ్గించి, "ఆంటీ, మీరు ఈడ దీపం పెడ్తున్నరా?" అంది.

ఇన్ని వందలమంది వచ్చారు. దయ్యాల్ని పసిగట్టే సెన్సర్లు పట్టుకుని కూడా ఒకడొచ్చాడు నిన్న. నువ్వుల నూనె వాసన ఒక్కళ్ళకీ తెలియలేదు.

ఎవరికీ చెప్పకమ్మా అన్నాను. పడి పడి నవ్వింది. మా అమ్మ గిట్లనే, ఎక్కడికి పోయినా కుంది సంచిలో ఏస్తది అంది. చల్లగా ఉండాలి ఆ పిల్ల. కాసేపు మాట్లాడుకున్నాం, చాన్నాళ్ళకి వంటగదిలో తెలుగు... అలా మాటల్లో మాటగా అడిగింది: అంకుల్ రిటైర్ అయిండు కదా, మరి ఇండియా పోతరా?

ఎందుకలా అన్నానో తెలీదు. ఇంట్లో మనిషి కాదు కాబట్టి అనగలిగానేమో. "ఆయన వెళ్తారమ్మా. నేను వెళ్ళను," అన్నాను. అంత తేలిగ్గా. కాఫీ తాగను అన్నట్టు.

తలెత్తితే మెట్ల మలుపులో ఆయన. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఒక మెట్టు మీద ఆగిపోయి. ఎంతసేపటి నుంచి ఉన్నారో.

ఇవాళ దీపం పెట్టలేదు.

సెప్టెంబర్ 22, సోమవారం

సెలవు. ఇద్దరం గాజు పడవ ఎక్కాం, టూరిస్టుల్లా. రెండు రోజుల కిందటే టికెట్లు కొన్నారు ఆయన, వెళ్ళొద్దని నేను అనలేదు.

నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో. పడవ అడుగున గాజు, గాజు కింద పచ్చటి వెలుగు, వెలుగు కింద ఓడ. మొత్తం ఓడ. పలకలు, మేకులు, చుక్కాని. నూరేళ్ళకి పైగా అక్కడే కూర్చుని ఉంది. ఉప్పునీళ్ళయితే పురుగు తినేసేదట, ఇక్కడ ఆ పురుగు బతకదట. మా నీడ దాని మీదుగా మెల్లగా వెళ్ళింది. ఏదో కలలో ఇంకొకళ్ళ ఇంటి కప్పు మీంచి ఎగురుతున్నట్టు...

ఆయన గాజు మీదకి వంగి ఉన్నారు. తలెత్తకుండానే మాట్లాడారు. ఇది ఆ మాట కాదు, ఒప్పందం గుర్తుంది, అన్నారు ముందు. తర్వాత:

"ఇక్కడ నన్ను ఒరేయ్ అనేవాడు ఒక్కడు లేడు వసూ."

పడవ ఇంజను చప్పుడు. నేను ఏవండీ అంటాను. శ్రావ్య డాడ్ అంటుంది. ప్లాంట్‌లో రామ్ అనేవాళ్ళు, ప్లాంట్ లేదు. కొంపల్లిలో ముగ్గురున్నారు, వరంగల్‌లో కలిసి చదువుకున్నవాళ్ళు. పొద్దున్నే ఫోన్‌లో వాళ్ళ గొంతులు వింటుంటాను, ఒరేయ్ మూర్తిగా, ఎప్పుడొస్తున్నావురా అని. ఆ పది నిమిషాలు ఆయనకి ఇరవై ఏళ్ళు.

ముప్పై మూడేళ్ళు పక్కనే ఉన్నాను. ఆ లోటు నాకు కనపడలేదు. సిగ్గుగా ఉంది.

సెప్టెంబర్ 23, మంగళవారం

నవరాత్రులు మొదలై రెండో రోజు. ఇంట్లో దీపం లేదు. గుమ్మం లేని ఇంట్లో ఉన్నట్టుంది.

షెరిల్ దిగాలుగా వచ్చింది. రెండు రాత్రులుగా కిటికీ చీకటి. పడవ నిండా జనం ఎక్కి ఊరికే తిరిగొచ్చారట.

సాయంత్రం ఆయన ఒడ్డుకి వెళ్ళారు. ఫడ్జ్ డబ్బా ఖాళీదొకటి పట్టుకెళ్ళి, దాని నిండా ఇసుక నింపుకొచ్చారు. జల్లెడ పట్టినట్టు మెత్తటి ఇసుక. కిటికీ గట్టు మీద ముందు స్టీలు పళ్ళెం, దాని మీద డబ్బా, ఇసుకలో కుంది పాదం గుచ్చి, అటూ ఇటూ కదిపి చూశారు. కర్టెన్ తీసేసి మడత పెట్టారు. పక్కన చెంబుతో నీళ్ళు. ముప్పై ఏళ్ళు కార్లకి సేఫ్టీ టెస్టులు చేసిన మనిషి, నా కుందికి చేశారు.

"ఇప్పుడు పెట్టు," అన్నారు. "పండగపూట."

అగ్గిపుల్ల ఆయనే అందించారు.

ఇద్దరం మంచం అంచున కూర్చున్నాం. దూరంగా నీళ్ళ మీద పడవలో ఎవరో అరిచారు, సంతోషంగా. ఆయన భుజం నా భుజానికి తగిలింది. తీసుకోలేదు. ఉండిపోతారేమో, అన్న ఆశ. తప్పు అని తెలుసు, అయినా పుట్టింది.

సెప్టెంబర్ 24, బుధవారం

శ్రావ్య ఫోన్. తను ఉండే షాంటిలీలో ఎండలట. ఫోటోలు చూసిందట, దయ్యం నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను.

తర్వాత గొంతు మార్చి: "అమ్మా, నాన్న అక్కడ వెళ్తే హ్యాపీ ఉంటాడు. నువ్వు ఇక్కడ ఉంటే హ్యాపీ ఉంటావు. ఇద్దరూ ఎందుకు చెప్పరు? జస్ట్ చెప్పు, అమ్మా."

వచ్చీ రాని తెలుగు. అందుకేనేమో అంత సూటిగా తగిలింది. మాకు వచ్చినంత తెలుగు దానికి వస్తే అది కూడా చెప్పకుండానే ఊరుకునేది.

సెప్టెంబర్ 25, గురువారం

గాలి. తెల్లటి నురగ. సరస్సు ఇవాళ సముద్రమంత అరుస్తోంది.

కింద ఎవరూ లేరు, నేను పదో మెట్టు తుడుస్తున్నాను. పైన ఎవరో ముసలాయన ఆయన్ని అడుగుతున్నాడు: ఆ కీపర్ భార్య ఎన్నేళ్ళు ఎదురుచూసింది? ఆయన కాగితంలో ఉన్నది చెప్తారనుకున్నాను. చెప్పలేదు. ఆవిడ ఎదురుచూసిందని నేను అనుకోను అన్నారు. ఆవిడకి ఈ ఇల్లు నచ్చింది, ఈ పని నచ్చింది, అందుకే ఉండిపోయి ఉంటుంది, అన్నారు. జనమే ఆవిడ దీపానికి మొగుణ్ణి తగిలించారు, అన్నారు.

ఆధారం ఏమైనా ఉందా అని అడగాలనిపించింది.

గుడ్డ చేతిలో పట్టుకుని ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను, చాలాసేపు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

మనసు ఒప్పక షెరిల్‌కి చెప్పేశాను. పైకి తీసుకెళ్ళి చూపించాను: డబ్బా, ఇసుక, కుంది. తిడుతుందనుకున్నాను. కుంది చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ఫోటో చూపించిన రోజే తెలుసంది. మెట్లెక్కుతుంటేనే నూనె వాసన వచ్చిందట. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినదాన్ని, వెనక ఎవరు ఏం వెలిగించారో అద్దంలో చూడకుండా చెప్తాను, అంది.

మరి ఎందుకు ఊరుకున్నావంటే, పైకప్పు వైపు వేలు చూపించింది. బాగు చేయించాలి, జనం రావాలి. ఉన్న కాస్త భయం కూడా ఇప్పుడు ఇసుక డబ్బా చూశాక పోయిందట. ఇది మీ ఆయన పని కదా, అంది. ఇంత జాగ్రత్తగా చట్టం మీరేవాణ్ణి ఎక్కడా చూడలేదట.

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఒక ఫారం ఇచ్చింది. వచ్చే ఏడాది ఇవే రెండు వారాలు మళ్ళీ మాకే ఇస్తుందట, ఆదివారం పొద్దున పదింటికల్లా నింపి ఉంచితే.

రెండు పేర్లకి గడులున్నాయి. టేబుల్ మీద పెట్టాను. ఆయన చూశారు.

సెప్టెంబర్ 27, శనివారం

ఆఖరి రోజు. తేల్చుకోవాల్సిన రోజు.

పొద్దున్నించీ ఒకరినొకరం తప్పించుకు తిరిగాం. ఆయన ఇత్తడి కడ్డీలు మళ్ళీ తోమారు. నేను రిజిస్టర్‌లో పేర్లు సరిచూశాను. ఆఖరి సందర్శకుడు వెళ్ళాక గేటు మూసి, ముందు మెట్ల మీద కూర్చున్నాం. నీళ్ళు గులాబీ రంగు, తర్వాత బూడిద రంగు. బాతులు బారుగా దక్షిణానికి...

నువ్వు చెప్పు అన్నారు. మీరు చెప్పండి అన్నాను. ఇలా ముప్పై మూడేళ్ళు గడిపేశాం, రెస్టారెంట్ దగ్గర్నించి ఇల్లు కొనడం దాకా.

"నాకు రావాలని లేదండీ."

చెప్పేశాను. దుమ్ము అనలేదు, డాక్టర్లు అనలేదు. కార్లో కూర్చునే గంట గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు, గేర్ల గురించి ఎవరైనా అడిగితే వినేట్టు.

"తెలుసు," అన్నారు. "నేను లేకపోతే ఆ గంట చాలా పెద్దదవుతుంది, చూసుకో."

బెదిరింపు కాదు. జాగ్రత్త చెప్తున్నట్టు అన్నారు. చలిగా ఉంది, లోపలికి వెళ్ళు, ఫారం నేను నింపుతాను అన్నారు. టికెట్లు ఒకటా రెండా అని అడగలేకపోయాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

తొమ్మిదిన్నర. సామాను కార్లో పెట్టేశారు. జెండా మడతపెట్టడానికి వెళ్ళారు.

టేబుల్ మీద ఫారం. ఆయన అచ్చక్షరాలు, గడి దాటవు. ఇంట్లో ప్రతి ఫారమూ ఆయనే నింపుతారు మొదట్నించీ: వీసా, స్కూలు, ఆసుపత్రి. నా సంతకం కావలసిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ పెట్టి ఇస్తారు. చదవకుండా పెట్టేస్తాను. ఇవాళ చదివాను.

మొదటి కీపర్, నా పేరు. ఎప్పుడూ రెండోదిగా ఉండే పేరు.

రెండో కీపర్, ఖాళీ. కొట్టివేత కూడా లేదు. వట్టి ఖాళీ.

మెట్లు ఎక్కగలరా? అవును.

అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి? ఆయన పేరు. సంబంధం, భర్త. నంబర్... తొమ్మిది ఒకటితో మొదలైంది. ఇండియా నంబర్. నేను ఎప్పుడూ చూడని నంబర్. ఎప్పుడు తీసుకున్నారో. ఈ రెండు వారాలూ ఆ నంబర్ జేబులో పెట్టుకునే ఇసుక జల్లించారా?

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నేను కోరుకున్నదే ఇది, ఇంతకాలం. బతిమాలకుండా, దెప్పకుండా ఉండనివ్వడం. చక్కగా, అచ్చక్షరాల్లో ఇచ్చేశారు. తీసుకుంటే అయిపోయింది.

ఇక్కడ నేను మెట్ల మీద జారిపడితే ఫోన్ అక్కడ మోగుతుంది. ఆయన లేచి కళ్ళజోడు వెతుక్కుంటారు. కుడిచేతి పక్కన పెట్టుకుంటారు ఎప్పుడూ, గుర్తుండదు, ఎడమవైపు తడుముతారు. పక్కన చెప్పేవాళ్ళు ఉండరు.

పెన్ను రెండో గడి మీద పెట్టాను, తీశాను. ఆయన పేరు నేను రాస్తే అది ప్రేమో, మళ్ళీ కట్టిపడెయ్యడమో నాకు తెలీడం లేదు. కింద పెన్సిల్ ఇంటూ, నా సంతకం కోసం.

ట్రక్కు చప్పుడు. షెరిల్ పావుగంట ముందే వచ్చింది. కింద ఆయన గొంతు, ఆవిడ గొంతు, ఇద్దరూ దేనికో నవ్వుతున్నారు. తర్వాత మెట్లగుండా:

"వసూ, సంతకం పెట్టావా?"

వస్తున్నానన్నాను. ఇంకా లేవలేదు.